కుడి పాయ

కత్తి మొన ఆల్చిప్ప అంచులో దూరుతుంది, మణికట్టు ఒక్కసారి మెలి తిరుగుతుంది, చిప్ప విచ్చుకుంటుంది, లోపలి మెత్తటి ముద్ద నీళ్ళ గిన్నెలోకి జారుతుంది, ఖాళీ చిప్ప వెనక కుప్ప మీద పడుతుంది, మళ్ళీ కత్తి. యాచున్ తలెత్తి చూడకుండానే తల్లి ముందున్న బుట్ట ఎంత ఖాళీ అయిందో చెప్పగలదు. బుట్ట నిండుగా ఉన్నప్పుడు చెయ్యి తీసే చప్పుడు వేరు, అడుగున గీరే చప్పుడు వేరు. తల్లి గుమ్మం దగ్గర పొట్టి పీట మీద కూర్చుని, రబ్బరు తొడుగులు వేసుకున్న చేతులతో, వెలుతురు కుడి పక్కనుంచి పడేలా ఒలుస్తోంది. ఆ ఆల్చిప్పలు తమవి కావు, పక్కింటివాళ్ళవి. వేసవి చివర నుంచి ఆమె పక్కిళ్ళ ఆల్చిప్పలే ఒలుస్తోంది తప్ప సముద్రంలో ఆల్చిప్పలు పెంచే తమ వెదురు పందిళ్ళ వైపు పోలేదు. పందిళ్ళకు వేలాడదీసిన తాళ్ళ మీద ఈపాటికి నత్తలు, నాచు, పనికిమాలిన చిన్న చిప్పలు పట్టి ఉంటాయి. ఎవరూ ఆ మాట ఎత్తరు. యాచున్ కూడా ఎత్తలేదు. ఆమె అన్నం బల్ల మీద పాత యాంప్లిఫయరు పెట్టుకుని కూర్చుంది. దాని ముందు అరచేయంత బోర్డు, బోర్డు మీద అంకెల్ని చప్పుడుగా మార్చే వేలిగోరంత కోడెక్ చిప్పు, చిప్పు నుంచి యాంప్లిఫయరుకు ఒకే ఒక్క తీగ. యాంప్లిఫయరు నుంచి ఇంకో తీగ గుమ్మం కింద నుంచి వాకిట్లోకి పోయి, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్న బాకా స్పీకరుకు తగులుకుంది. సముద్రం వెనక్కి తగ్గడం మొదలయ్యేసరికి ఊరి పెద్ద బీహ్వా వచ్చి ఇవన్నీ గుడి పక్క గదికి పట్టుకుపోతుంది. అప్పటికల్లా ఆ ఒక్క తీగలోంచి నాన్న మాట్లాడాలి.

ఒక్క తీగ. చిప్పులో మటుకు చప్పుడు నడిచే పాయలు రెండు, ఎడమదొకటి, కుడిదొకటి, మనిషికి రెండు చెవులు కదా అని అలా చేస్తారు. కాని లిఫ్టుకు రెండు చెవులు అక్కర్లేదు, గుమ్మం గంటకు అక్కర్లేదు, నొక్కితే ఏడ్చే పిల్లల బొమ్మకూ అక్కర్లేదు. షిన్‌చూలో, గాలి తప్ప ఇంకేమీ లోపలికి రాని ఆ చిప్పుల కంపెనీ అద్దాల మేడలో, యాచున్ ఇన్నేళ్ళుగా చేస్తున్నది ఇదే, రెండు పాయల్నీ కలిపి ఒకటి చెయ్యడం. చిప్పు లోపల చిన్న చిన్న గడులుంటాయి. ఏ గడిలో ఏ అంకె రాస్తే ఏ దారి తెరుచుకుంటుందో, ఏది మూసుకుంటుందో, ఆమె చేతివేళ్ళకే తెలుసు. ఎడమదాన్ని కుడిదానితో కలుపు, కలిపితే పొంగి పొర్లుతుంది కాబట్టి ఒక్కోదాన్నీ సగం చెయ్యి, అప్పుడు బయటికి పంపు. దానికీ ఒక వరస ఉంది. యాంప్లిఫయరును ముందే లేపితే బాకా టప్పుమని పేలుతుంది, పిచ్చుకలు లేచిపోతాయి. అందుకని ముందు చిప్పును లేపాలి, చప్పుడు బయటికి రాకుండా దాని నోరు కట్టే ఉంచాలి, అది కుదుటపడేదాకా ఆగాలి, తర్వాత యాంప్లిఫయరు, అన్నిటికన్నా చివర నోటికట్టు విప్పాలి. ఈ సంగతి ఒక కొత్త సంవత్సరం సెలవుల్లో నాన్నకు చెబితే ఆయన వక్క నములుతూ విన్నాడు. "అంటే ముందు నిద్ర లేపి, మొహం కడుక్కోనిచ్చి, అప్పుడు మాట్లాడించాలన్నమాట. నన్నెప్పుడన్నా అలా లేపారా ఈ ఇంట్లో?" అన్నాడు. తల్లి వంటింట్లోంచి, "మొహం కడుక్కోమనే చెప్తున్నాం ముప్పై ఏళ్ళుగా," అంది. ఆ మాటకు నవ్వు వచ్చినట్టు గుర్తుంది. నవ్వు ఎలా ఉండేదో గుర్తు లేదు. బొటనవేలు తిమ్మిరెక్కినప్పుడు నొక్కి చూస్తే వేలు ఉందని తెలుస్తుంది, నొప్పి తెలియదు, అలా ఉంది అన్నీ.

ఆమె నోటికట్టు గడిలో అంకె సరిచూసుకుంది. తల్లి కత్తి ఆగలేదు. బయట ఉత్తరపు గాలి ఒడ్డునున్న గాలిమరల రెక్కల్ని తిప్పుతోంది, ఆ ఊపు నేలలోంచి బల్ల కాళ్ళలోకి ఎక్కి వస్తున్నట్టుంటుంది ఈ కాలంలో ఎప్పుడూ. ఇలాంటి గాలిలోనే నాన్న గుడి పక్క గదిలోకి వెళ్ళి మైకు మీద వేలితో తట్టేవాడు. ఆటుపోట్ల వేళలు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి, కాని ఉత్తరపు గాలి నీటిని ఎంతసేపు ఆపి ఉంచుతుందో ఫోనుకు తెలియదు. నాన్న గట్టెక్కి, బురద మెరుపు చూసి, అప్పుడు చెప్పేవాడు. నీళ్ళు వెనక్కి పోతున్నాయి, పోవాల్సినవాళ్ళు పోండి అని. ఊళ్ళో ఇంటింటా ఇనపెద్దులు, అంటే ఇంజను బిగించిన మూడు చక్రాల బళ్ళు, దడదడమని బయల్దేరేవి. ఇంట్లో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఎదురెదురుగా కూర్చుని చిలగడదుంప గంజి తాగుతున్నా సరే, వేళయితే గిన్నె దించి, చెప్పులు వేసుకుని, గుడి దాకా నడిచి, ఊరందరికీ చెప్పేవాడు. ఆ మాట గుడి మీది బాకాలోంచి తిరిగి తన ఇంటికే వచ్చేది. అప్పుడు తల్లి లేచి, టోపీకి గుడ్డ కట్టుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఇద్దరూ ఒకే పందిరి కింద పనిచేసి వచ్చేవాళ్ళు, ఆయన వెనక, ఆమె ముందు. ఒకసారి యాచున్ అడిగింది, ఇక్కడే చెప్పొచ్చు కదా అమ్మకు అని. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "మీ అమ్మకు విడిగా చెప్తే ఊరు ఊరుకుంటుందా? ముందు మీ ఆవిణ్ణి పంపించి మంచి చోటు పట్టుకున్నావంటారు."

ఇంకో మాట కూడా ఉండేది. గాలి ఉన్న రోజుల్లో చివర్న, కుడి చెవి కప్పుకోండి, అనేవాడు. పడమర ముఖంగా సముద్రంలోకి నడిచేవాళ్ళకు ఉత్తరపు గాలి కుడి పక్కనుంచే కొడుతుంది, అది నిజమే. కాని తిరిగొచ్చేటప్పుడు ఎడమ పక్క కొడుతుంది కదా, దాని మాటేమిటని ఊరంతా ఆయన్ను ఏడిపించేది. గుడి మెట్ల మీద ముసలాళ్ళు ఆయన కనబడితే చాలు కుడి చెవి పట్టుకుని చూపించేవాళ్ళు. బీహ్వా అయితే ఎన్నికల్లో గెలిచిన రోజు మైకు అందుకుని, "ఈరోజు నుంచి ఈ ఊళ్ళో ఎడమ చెవికి కూడా న్యాయం జరుగుతుంది," అని ప్రకటించింది. నాన్న కూడా నవ్వాడు, మర్నాడు మళ్ళీ కుడి చెవే అన్నాడు. తల్లికి ఎడమ చెవి వినబడదు. చిన్నప్పుడు దేవుడి పల్లకి ముందు కాల్చిన టపాకాయలు ఆ చెవి తీసుకుపోయాయి. ఆమె ఎవరికీ ఎడమ పక్క కూర్చునే చోటివ్వదు. నాన్న ఆమెతో నడిస్తే ఎప్పుడూ కుడి పక్కనే నడిచేవాడు. యాచున్‌కు ఇవన్నీ తెలుసు, ఇల్లన్నాక గోడలు ఎక్కడున్నాయో తెలిసినట్టు తెలుసు, వాటి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

గొంతు పోతుందని ఆయనకు ముందే చెప్పారు. వక్క నమిలిన నోరు, నాలుక కింద పుండు, తర్వాత ఒక తెల్లటి గదిలో ఒక కుర్ర డాక్టరు ప్లాస్టిక్ దవడ బొమ్మ మీద వేలుపెట్టి ఇక్కడి నుంచి ఇక్కడి దాకా తీసేస్తాం అన్నాడు. నాన్న ఆ బొమ్మనే చూస్తూ, "మైకులో మాట్లాడొచ్చా?" అని అడిగాడు. ఆస్పత్రికి వెళ్ళే ముందు ఒక మధ్యాహ్నం గుడి గది మైకును ఇంటికి తెచ్చుకుని, ఇదే బల్ల ముందు కూర్చుని, యాచున్ కాలేజీ రోజుల్లో వాడిన చిన్న రికార్డరు తగిలించి, ఏడాది పొడుగునా చెప్పే మాటలన్నీ చెప్పి పెట్టాడు. నీళ్ళు తగ్గుతున్నాయి. నీళ్ళు తొందరగా వస్తున్నాయి, ఉన్నదానితో వచ్చెయ్యండి. మంచు పడుతోంది, ఒకర్నొకరు పిలుచుకోండి. చేపల బండి వచ్చింది. యాచున్ అప్పుడు ఊళ్ళో లేదు. ఫోను చేసి, ఆ మైకు తీగ రికార్డరుకు ఎలా తగిలించావు నాన్నా అని అడిగితే, "మందంగా ఉన్న మూతిని సన్నంగా చేసే ముక్క ఒకటి కొన్నాను. దూరింది," అన్నాడు. దూరితే సరిపోయినట్టేనా? "దూరిందంటే సరిపోయినట్టే. నేనేం రాకెట్టు పంపుతున్నానా? ఒక చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, నేనే మాట్లాడుతున్నాను." ఆ తర్వాత ఆయన ఆమెతో ఫోనులో మాట్లాడింది ఒకటి రెండుసార్లే. తర్వాతంతా తెల్లబల్ల మీద రాతలు, చేతి సైగలు, గొంతులోని గొట్టం చేసే గాలి చప్పుడు, తర్వాత అదీ లేదు.

అంత్యక్రియలప్పుడు ఏం చెయ్యమంటే అది చేసింది. కాగితపు తామరపూలు మడిచింది, చాలా మడిచింది, అంచులు సరిగ్గా కలిసేలా. మోకాళ్ళ మీద కూర్చోమంటే కూర్చుంది, లేవమంటే లేచింది. తల్లి కూడా అంతే. ఇద్దరూ పక్కపక్కన, వరస తప్పని రెండు యంత్రాల్లాగా. మేనత్త ఒకామె, "ఈ తల్లీకూతుళ్ళకు కళ్ళల్లో నీళ్ళు లేవు, ఉప్పు నీళ్ళన్నీ సముద్రంలోనే వదిలేసి వచ్చారు," అంది, వినబడేలాగే అంది. యాచున్‌కు కోపం రాలేదు. బాగా చెప్పింది అనుకుంది. చిన్నాన్న మాత్రం పని మాటే మాట్లాడాడు. వదిన ఒక్కతే పందిళ్ళేం చూసుకుంటుంది, ఈ చలికాలం దాటితే తాళ్ళన్నీ పాడైపోతాయి, నాకు అప్పగించండి అన్నాడు. తల్లి గిన్నెలు కడుగుతూ, "చూద్దాం," అంది. బీహ్వా ఒక యంత్రం తెప్పించింది. దాన్లో రాజధాని నుంచి వచ్చిన ఒక అమ్మాయి గొంతు, బడి భాషలో, తీయగా, ప్రియమైన గ్రామస్థులారా, సముద్రపు నీటిమట్టం ప్రస్తుతం తగ్గుముఖం పట్టినది, అంటుంది. ముసలాళ్ళు ఆ గొంతు విని ఇంట్లోంచి కదలరు. ఆ పిల్ల ఎప్పుడన్నా బురదలో కాలు పెట్టిందా అంటారు. ఒకరోజు ఆలస్యంగా వెళ్ళిన ముసలాయన బండి పోటులో చిక్కుకుంది, మనిషి దక్కాడు. అప్పుడే బీహ్వా ఈ ఇంటికి వచ్చి అడిగింది. నేను చెప్దామంటే ఓట్లు అడుగుతున్నాననుకుని మైకు కట్టెయ్యమంటున్నారు, అన్న గొంతు ఉందటగా, అది పెట్టుకుంటాం, గట్టు మీద నిలబడి చూసేది నేను, మాట మాత్రం ఆయనది. అంతా చెప్పి, వదిన సరేనంటేనే, అంది. తల్లి, "మీ ఇష్టం," అంది. ఆ మాటలో ఒప్పుకోవడమూ లేదు, కాదనడమూ లేదు, బుట్టలోంచి ఇంకో చిప్ప తీసింది అంతే.

మీ ఇష్టం. ఎవరిష్టం? గుడి మీది బాకాలు ఊరికి నాలుగు దిక్కులా ఉన్నాయి. ఒకసారి పెట్టాక ఆ గొంతు రోజూ ఇంట్లోకి వస్తుంది, తలుపులు మూసినా వస్తుంది, చచ్చిపోయిన మనిషి రోజుకు రెండుసార్లు నీళ్ళు తగ్గుతున్నాయని చెబుతుంటే ఈమె ఇక్కడ కూర్చుని ఎవరివో ఆల్చిప్పలు ఒలుస్తూ వినాలి. యాచున్ అయితే సోమవారానికల్లా షిన్‌చూలో ఉంటుంది. అందుకే ఆమె ఇన్ని రోజులూ ఆ రికార్డును వినలేదు. ల్యాప్‌టాప్ తెర మీద గొంతు గీసిన గీతలు మాత్రం చూసింది, రెండు పాయల్లోనూ మాటలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి, గుట్టకూ గుట్టకూ మధ్య చదును. గీతలు చూసి పని చెయ్యొచ్చు. ఇప్పుడు వేళయింది కాబట్టి ఆమె చిప్పును లేపి, ఆగి, యాంప్లిఫయరు మీట నొక్కి, చివర నోటికట్టు గడిలోని అంకె మార్చింది. బాకా పేలలేదు. పిచ్చుకలు లేవలేదు.

గొంతూ రాలేదు. జుమ్మని ఒక మోత వచ్చింది, సన్నగా, ఎడతెగకుండా. తల్లి కత్తి ఆడుతూనే ఉంది. తెర మీద గుట్టలు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి, అంటే ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, బాకా మాత్రం జుమ్మంటోంది. ఆమె నోరు కట్టింది, మోత ఆగింది. విప్పింది, వచ్చింది. కాబట్టి తీగలు బాగానే ఉన్నాయి, ఆ మోత రికార్డులోదే. గడులన్నీ మళ్ళీ చూసింది. ఎడమ, కుడి, కలుపు, సగం, పంపు. లిఫ్టుల్లో పనిచేసిన అంకెలే. మధ్యలో మోత ఒకసారి చిన్నగా తడబడింది, టక్కుమని. పాత ఫ్రిజ్జు పనిలోకి దిగడం అది, ఆరోజు వంటింట్లో. ఆయన కూర్చున్న మధ్యాహ్నంలోంచి ఇంటి కరెంటు ఒక్కటి మిగిలి, మనిషి మాయమయ్యాడు. బాకాకు చెవి దగ్గరగా పెట్టి వింటే, మోత అడుగున, గోడకు ఆవల ఇంకో గోడ, దాని ఆవల ఎవరో పిలుస్తున్నట్టు, ఏదో ఉందనిపించింది, లేదనీ అనిపించింది.

అప్పుడామెకు కలిగింది దుఃఖం కాదు. భుజాలు కిందికి దిగాయి. పోనీ. రికార్డు పాడైపోయింది అని చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు, చెవులున్నవాళ్ళు ఎవరైనా వచ్చి విననీ, జుమ్మనే కదా వస్తోంది. బీహ్వా ఉసూరుమని పోతుంది. రాజధాని అమ్మాయి తగ్గుముఖం పట్టినది అంటుంది, ముసలాళ్ళు గొణుక్కుంటూ మెల్లగా దానికే అలవాటు పడతారు. అమ్మకు ఏదీ వినాల్సిన పని ఉండదు. చిన్నాన్న పందిళ్ళు తీసుకుంటాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. అంతా ఇలాగే, చన్నీళ్ళలో పెట్టిన చేతుల్లాగా, తిమ్మిరిగా, నొప్పి లేకుండా జరిగిపోతుంది. ఎంత బాగుంటుంది. ఆమె రికార్డరు ఎత్తి, పక్కన పెట్టెయ్యబోయి, అలవాటు కొద్దీ, పనిని సగంలో వదలకూడదన్న వట్టి అలవాటు కొద్దీ, హెడ్‌ఫోన్లు తగిలించి పెట్టుకుంది.

ఆయన ఉన్నాడు. ఉన్నాడు కాని ఎక్కడో తెలియలేదు. గొంతు ముందు లేదు, పక్కన లేదు, ఆమె తల వెనక, పుర్రెకు బయట, చెవులు రెండిటినీ వెనక్కి లాగుతున్నట్టు, చుట్టూ ఉన్నట్టు, ఎక్కడా లేనట్టు. కళ్ళు తిరిగినట్టయింది. చచ్చిపోయినవాళ్ళ గొంతు ఇలాగే ఉంటుంది కాబోలు, ఇలాగే ఉండాలి కూడా, అనుకుంది. తీసేసింది. బల్ల మీద పెట్టేలోపే ఒక తడి చెయ్యి వచ్చి వాటిని అందుకుంది. తల్లి ఎప్పుడు లేచిందో తెలియలేదు. తొడుగు విప్పిన ఒక చేత్తో, హెడ్‌ఫోన్ల రెండు గిన్నెల్లో ఒకదాన్ని ఎటో గాలికి వదిలేసి, రెండోదాన్ని కుడి చెవికి ఆనించుకుని నిలబడింది. చాలాసేపు నిలబడింది. మొహంలో ఏమీ కదల్లేదు. తల్లి మొహంలో ఏదైనా కదిలితే ఏం చెయ్యాలో యాచున్‌కు తెలియదు, కదలనందుకు ఏం చెయ్యాలో కూడా తెలియలేదు.

"బానే వస్తోందిగా," అంది తల్లి. "గొంతులో జీర కూడా వస్తోంది."

"ఎక్కణ్ణుంచి వస్తోందమ్మా?"

"ఎక్కణ్ణుంచేంటి? ఇక్కణ్ణుంచే." ఎదురుగా ఉన్న కుర్చీ వైపు గడ్డం చూపించింది. ఇంకాస్త విని, "ఆ వెనక టకటకలాడేది నా కత్తి. ఎంత వేగం చూడు. అప్పట్లో చిప్పలు లావుగా ఉండేవి, ఒక్క దెబ్బకి విచ్చుకునేవి," అంది. హెడ్‌ఫోన్లు ఇచ్చేసి, వెళ్ళి, పీట మీద కూర్చుని, తొడుగు వేసుకుని, ఇంకో చిప్ప తీసింది.

ఒక చెవి. యాచున్ హెడ్‌ఫోన్ల కుడి గిన్నె ఒక్కదాన్నే తన చెవికి పెట్టుకుంది. నాన్న కుర్చీలో ఉన్నాడు. గొంతులో జీర, మాటకూ మాటకూ మధ్య ఉమ్మి మింగడం. ఎడమ గిన్నె ఒక్కదాన్నే పెట్టుకుంది. అప్పుడూ కుర్చీలోనే ఉన్నాడు. రెండూ కలిపి పెట్టుకుంటే లేడు. ఆమె తెర మీద గీతల్ని దగ్గరికి లాగి, ఈసారి గుట్టల్ని కాదు, ఒక్క గుట్ట లోపలి సన్నని అలను చూసింది. ఎడమ పాయలో అల పైకి లేచిన చోట కుడి పాయలో అంతే లోతుకు దిగింది. అక్కడ మెట్ట, ఇక్కడ పల్లం. కలిపితే మెట్టలోని మన్ను పల్లంలోకి పోయి నేల చదును. పెద్ద మైకు తీగలో గొంతు రెండుసార్లు నడుస్తుంది, ఒకసారి తిన్నగా, ఒకసారి తలకిందులుగా. దారిలో అంటుకున్న మోత మాత్రం రెండిటికీ ఒకేలా అంటుకుంటుంది కాబట్టి, ఒకదాన్ని తిప్పి కలిపితే మోత పోయి గొంతు మిగలాలని దాని ఏర్పాటు. ఆయన కొన్న ముక్క ఆ రెండు తీగల్నీ తెచ్చి ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి పెట్టింది. యాచున్ తిప్పకుండా కలిపింది. గొంతు పోయి మోత మిగిలింది. దూరిందంటే సరిపోయినట్టే. ఆయన ఒక చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, తనే మాట్లాడుతున్నాడు. తనకు రెండు చెవులున్నా ఒకదానికే పెట్టుకున్నాడు, ఎందుకంటే అన్నేళ్ళుగా ఆయన మాట్లాడింది ఒక చెవికే.

కలపడం ఆపడానికి ఒక్క గడి చాలు. ఎడమ పాయ తీసుకోవచ్చు, కుడి పాయ తీసుకోవచ్చు, రెండిటిలో ఏదైనా ఒకటే. కుడిది తలకిందులుగా నడిచిన గొంతు. తలకిందులుగా ఉన్నా ఒంటరిగా వింటే ఏ చెవికీ తేడా తెలియదు. ఆమె కుడిది రాసింది. సగం చెయ్యాల్సిన పని కూడా లేదు, ఒక్కటే కదా, నిండుగానే పంపొచ్చు. నోరు మాత్రం కట్టే ఉంచింది. అంకె మారిస్తే చాలు, కాని వేలు కదల్లేదు. పాడైపోయిందని చెప్పడానికి ఇంకా వీలుంది. ఇంతకుముందు అది అబద్ధం కాదు, ఇప్పుడవుతుంది, తేడా అంతే, అదీ ఆమె ఒక్కదానికే తెలుస్తుంది. పెడితే ఆ గొంతు రోజూ వస్తుంది. తల్లి బానే వస్తోందిగా అంది కాని, పెట్టు అనలేదు. కత్తి, చిప్ప, ముద్ద, కుప్ప. బుట్ట అడుగు గీరుకుంటోంది.

వాకిట్లో స్కూటరు ఆగింది. గాలికి జుట్టంతా ఒక పక్కకు పోయిన బీహ్వా, బురద బూట్లు గుమ్మంలోనే దులుపుతూ, బాకాను చూసి ఒక దండం పెట్టింది. "ఏమే పిల్లా, మా అన్న పలికాడా, ఇంకా మొహం కడుక్కుంటున్నాడా?"

యాచున్ గడిలోని అంకెను మళ్ళీ చూసుకుంది. బీహ్వా తల్లి వైపు తిరిగి, ఎడమ పక్కకు వెళ్ళబోయి, గుర్తొచ్చి కుడి పక్కకు తిరిగి వచ్చింది. "వదినా, ఎవరి చిప్పలవి? ఆ పిసినారోళ్ళవా? అన్నీ నీళ్ళే ఉంటాయి, కండ ఉండదు. నీ పందిట్లో చిప్పలు గుర్తున్నాయా, ఒక్కటి వేస్తే అట్టు నిండేది."

"గాలి ఎట్లా ఉంది?" అంది తల్లి.

"చెవులు ఊడిపోతున్నాయి. రెండూను." బీహ్వా నవ్వబోయి ఆపుకుంది. తర్వాత యాచున్‌తో మెల్లగా, "నీళ్ళు కదిలాయి పిల్లా. గట్టు మీంచి చూసే వస్తున్నా, ముందువరస పందిళ్ళ కాళ్ళు బయటపడ్డాయి. రాకపోతే రాలేదని చెప్పు, ఏం ఫర్వాలేదు. పోయి ఆ రాజధాని పిల్లనే అరిపిస్తా. ఉందా, లేదా?"

లేదు అన్న మాట యాచున్ నోట్లో తయారుగా ఉంది. చిన్న మాట, నాలుక కొసన, ఏ రుచీ లేని మాట. ఆమె దాన్ని బయటికి తియ్యబోతూ, ఏదో తగ్గిందని గమనించింది. గదిలో ఒక చప్పుడు తగ్గింది. కత్తి ఆగింది. తల్లి ఒక చేతిలో చిప్ప, ఒక చేతిలో కత్తి పట్టుకుని, మొన అంచులో ఆనించి, తిప్పకుండా ఉంది. తలెత్తలేదు. ఎటూ చూడలేదు. మెడ మాత్రం రవ్వంత తిరిగింది, కుడి చెవి బల్ల వైపుకు.

యాచున్ అంకె మార్చింది.

"ఆ... వినబడుతోందా," అన్నాడు నాన్న వాకిట్లో. మైకు మీద వేలితో తట్టాడు. బకెట్టు మీద బాకా అదిరింది, పక్కింటి కుక్క మొరగబోయి మానేసింది. వెనకాల ఎవరో వేగంగా ఆల్చిప్పలు ఒలుస్తున్నారు. "నీళ్ళు ఎనక్కి పోతున్నయ్. పోవాల్సినోళ్ళు పోండి." ఉమ్మి మింగాడు. "గాలుంది. కుడి చెవి కప్పుకోండి."

తర్వాత ఖాళీ. బీహ్వా చెయ్యి తనకు తెలియకుండానే కుడి చెవి మీదికి పోయింది. యాచున్ నోటికట్టు మళ్ళీ వేసింది, ముందు చిప్పుకు, తర్వాత యాంప్లిఫయరు మీట, వరస తప్పకుండా. ఆమెకు ఏమీ అనిపించలేదు. తిమ్మిరెక్కిన వేలిని ఎవరో పట్టుకున్నట్టు, పట్టు మాత్రం తెలిసింది.

తల్లి చేతిలో చిప్పను ఒలవకుండానే బుట్టలో వేసింది. కత్తి పీట మీద పెట్టింది. తొడుగులు ఒక్కొక్కటే విప్పి, తిరగేసి, గిన్నె అంచుకు ఆరవేసింది. గోడకున్న వెదురు టోపీ తీసింది. దాని మీదున్న పూల గుడ్డ వేసవి నుంచి మడత విప్పనిది, మడతల్లో దుమ్ము చార కట్టింది. దులిపి, టోపీ మీంచి దించి, ఎడమ పక్క వదులుగా వదిలి, కుడి చెవి మీద రెండుసార్లు తిప్పి, గడ్డం కింద గట్టిగా ముడి వేసుకుంది. తలుపు వెనక పొడుగు బూట్లు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని బోర్లించి తట్టింది, సాలీడు ఒకటి రాలి పారిపోయింది. బీహ్వా పక్కకు జరిగి దారి ఇచ్చింది. తల్లి బూట్లు తొడుక్కుని, గుమ్మం మీద తీగ తగలకుండా కాలు ఎత్తి దాటి, బాకాను తన కుడి పక్కన ఉంచుకుని వాకిలి దాటి, సముద్రం వైపు వెళ్ళిపోయింది.